మినుమువన్నె రాయి

కిందటి మాఘమాసంలో నా చేతికి ఒక పాత క్షురకత్తి వచ్చింది. దానితోబాటు అరచేతికన్న కొంచెం పొడవైన నల్లని రాయి, చీలికలు వారిన తోలుపట్ట కూడ వచ్చినవి. ఇవి మా బెళుగుప్ప క్షురకవృద్ధుని పనిముట్లు. ఆయన గతించి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆయన మనుమడు బళ్ళారిలో అంగడి నడుపుకుంటున్నాడు. ఊళ్ళోని పాత ఇల్లు పడగొట్టిస్తూ, అటకమీది అడపం దించి, "సార్, మీరు పాతవన్నీ రాసి పెడతారు గదా, ఇది మీ దగ్గరే ఉండనీండి" అని నా ముందు పెట్టి వెళ్ళాడు. అతడు ఒకప్పుడు నా విద్యార్థి. ఆ సంగతి తరువాత చెబుతాను. చెప్పకుండా దాటవేద్దామని రెండు మూడు మార్లు అనుకున్నమాట నిజం.

అడపమనగా క్షురకుని పనిముట్ల సంచి. తాంబూలపు సంచికీ ఇదే పేరు. రాజుల కొలువులో అడపం పట్టేవాడంటే ఏలికకు మిక్కిలి దగ్గరివాడని అర్థం. మాట ఒకటే అయినా, పట్టిన చేతిని బట్టి దాని మర్యాద మారింది.

నా బాల్యంలో, అనగా అరవైల చివర, డెబ్బైల తొలినాళ్ళలో, పదిహేను రోజులకొకమారు ఆయన మా ఇంటి ముందరి వేపచెట్టు కిందికి వచ్చేవాడు. నాకు తలపని ఇష్టముండేది కాదుగాని, దానికి ముందు జరిగే తతంగం మాత్రం కన్నార్పకుండా చూసేవాణ్ణి. ఇత్తడి గిన్నెలోని నీళ్ళు నాలుగు చుక్కలు రాతిమీద విదిల్చి, కత్తిని బల్లపరుపుగా దానిమీద పరిచేవాడు. చప్పుడుండేది కాదు, సన్నని బుసవంటిది మాత్రం వినిపించేది. ఆ పిమ్మట తోలుపట్టను వేపచెట్టుకు కొట్టిన మేకుకు తగిలించి నాలుగు మార్లు, చివర తన అరచేతిమీద రెండు మార్లు. ఆ తరువాత ముంజేతి వెంట్రుకకు కత్తి ఆనించి చూసుకొని, "కదలొద్దు సామీ, కత్తికి కండ్లుండవు" అనేవాడు. అరవై ఏళ్ళ మనిషి నన్ను సామీ అనేవాడు. ఎనిమిదేళ్ళవాణ్ణి నేను ఆయనను పేరు పెట్టి "రా" అని పిలిచేవాణ్ణి. ఊరి వ్యాకరణం అది. నేను తరువాత చదువుకున్న బాలవ్యాకరణంలో దానికి సూత్రం లేదు.

పదును గురించి తెలియని చదువరుల కోసం ఒక్క మాట. వంటకత్తిని నూరేటప్పుడు ఎంత వాలుగా పట్టుకోవాలో నూరేవాడే నిర్ణయించుకోవాలి. క్షురకత్తిలో ఆ నిర్ణయం కత్తి చేసినవాడే చేసి పెట్టాడు. దాని వెన్ను మందం, నడుమ గుల్ల, వాదర పలుచన. (వాదర అంటే కత్తి అంచు. ఈ చక్కని మాటను మనం నిఘంటువులకు అప్పగించి, అంచు అనే మొండిమాటతో కాలక్షేపం చేస్తున్నాము.) రాతిమీద పరిచినప్పుడు వెన్ను, వాదర ఈ రెండే రాతిని తాకుతవి. ఆ రెంటివల్ల వాదర దగ్గర ఏర్పడే కోణం సుమారు 16, 17 డిగ్రీలు. ఏళ్ళతరబడి నూరుతూ ఉంటే వాదరతోబాటు వెన్నూ అరుగుతుంది గనుక కోణం పెద్దగా మారదు. కత్తి సన్నబడుతుందే గాని దాని స్వభావం మారదు. నా దగ్గరకు వచ్చిన కత్తి వెడల్పు మొదట ఎంతో గాని, ఇప్పుడు నా చిటికెనవేలంత కూడ లేదు. రాతిమీద వాదర ముందు నడవాలి. తోలుమీద వెన్ను ముందు నడవాలి, లేకుంటే తోలు కోసుకుపోతుంది. పక్క మార్చేటప్పుడు వెన్నుమీద పొర్లించాలి తప్ప వాదరమీద కాదు. ఈ మూడూ ఆయన ఎన్నడూ నోటితో చెప్పగా వినలేదు. చేతిలో ఉండేవి.

రాతిపని, తోలుపని రెండూ ఒకటి కావు. రాయి వాదరను పుట్టిస్తుంది. రాతి గీతలవల్ల ఏర్పడిన సూక్ష్మమైన రంపపు పళ్ళను, అటూ ఇటూ ఒరిగిన పలుచని రేకును తోలు సరిచేసి నిలబెడుతుంది. ఈ భేదాన్ని మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. సుశ్రుతసంహిత సూత్రస్థానం ఎనిమిదవ అధ్యాయంలో శస్త్రాలను గురించి చెబుతూ, వాటిని నూరుకోవడానికి మినుముల రంగుగల నున్నని రాయి కావాలనీ, వాదరను కుదుర్చుకోవడానికి బూరుగుచెక్క పలక కావాలనీ రెండు వేరువేరు సాధనాలను విధించాడు. ఏ శస్త్రానికి ఎంత వాదర ఉండాలో కూడ కొలత ఉన్నది. చీల్చేదానికి మసూరపప్పు అంచంత, గుచ్చేదానికి వెంట్రుకంత, ఛేదించేదానికి వెంట్రుకలో సగమంత. గరుకువాదర శస్త్రదోషాలలో ఒకటి, అయితే రంపానికి మాత్రం అది గుణమే. పదును కుదిరిందనడానికి గుర్తేమిటయ్యా అంటే, వెంట్రుకను తెగకోయడం.

నేను ఈ అధ్యాయాన్ని చదివింది ఉద్యోగవిరమణ తరువాత. చదివి, పెట్టెలోని నల్లరాయిని తీసి కిటికీ దగ్గర పెట్టి చూశాను. పొట్టు తీయని మినుముల రంగే. మా ముసలాయన ముంజేతి వెంట్రుక పరీక్షా అదే. ఆయనకు అక్షరం రాదు. సుశ్రుతుని పేరు విని ఉండడు. అయితే పల్లెల్లో గడ్డలు కోసి చీము తీసింది వారే, కాన్పులు చేసింది వారి ఇంటి ఆడవారే, పెండ్లికి మేళం పట్టిందీ వారే. పుస్తకం వైద్యుని ఇంటికి వెళ్ళింది, చేతిపని ఈ ఇంటికి వచ్చింది అని నా ఊహ. దీనికి శాసనప్రమాణం అడగవద్దు.

మాటల సంగతి వస్తే నా వంటివానికి నోరు కట్టుకోవడం కష్టం. క్షవరం క్షౌరానికి వికృతి, క్షౌరం క్షురశబ్దభవం. క్షురమంటే కత్తి. గ్రీకు భాషలో ఇదే కత్తిని క్సురోన్ అంటారు. రెండు మాటలదీ ఒకే పుట్టుక అని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. ఋగ్వేదం ఎనిమిదవ మండలంలో ఒక ఋషి దేవతను వేడుకుంటూ, కత్తిని నూరినట్లు మమ్ములను నూరి పదును పెట్టుమంటాడు. కఠోపనిషత్తు ఆత్మమార్గపు కష్టాన్ని కత్తివాదరతో పోల్చింది. ఆ పోలికనే సోమర్సెట్ మామ్ 1944లో తన నవలకు పేరుగా పెట్టుకున్నాడు. మన సాన సంస్కృత శాణానికి తద్భవం. ఋషులు ఉపమానం తీసుకున్నారు, పండితులు వ్యుత్పత్తి తీసుకున్నారు. కత్తి పట్టినవానికి ఏమి దక్కిందో చూడాలి కదా.

ఒకసారి మాత్రం దక్కింది. విజయనగరాన్ని సదాశివరాయలు పేరుకు ఏలుతూ ఉండగా (1542 నుంచి 1570 వరకు ఆయన రాజ్యకాలం) అధికారమంతా అళియ రామరాయలదే. ఆ రామరాయలకు క్షౌరం చేసేవాడు కొండోజు. అతని పనికి మెచ్చిన రామరాయలు ఏమి కావాలో కోరుకొమ్మంటే, తనకొక ఊరో మాన్యమో అడగక, తన కులం వారందరి పన్నులూ మాన్పించుకున్నాడు. పన్నులూ వెట్టి వంటి భారాలూ తొలగించినట్లు తెలిపే శాసనాలు కన్నడ, తెలుగు సీమలు రెంటా దొరికినవి. రాజుగారి గడ్డం గొరిగి రాజ్యమంతటా తనవారి నెత్తిమీది బరువు దింపిన ఈ మనిషికథ మా పాఠ్యపుస్తకాలలో ఎన్నడూ నేను చెప్పవలసి రాలేదు. అష్టదిగ్గజాల పేర్లు మాత్రం ఏటా వల్లెవేయించాను. రాజు మెడ దగ్గర రోజూ వాదర ఆనించే మనిషిపై ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో రామరాయల తల తెగింది, అది వేరే కత్తి.

ఇక ఉక్కు. మన ఉక్కు అనే మాటే ఇంగ్లీషువారి చేతిలో వూట్జ్ అయింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కుముద్దల కోసం పారశీక వర్తకులు వచ్చి కూర్చునేవారు. అక్కడి పద్ధతిని వాయిసీ అనే ఆంగ్లేయుడు కళ్ళారా చూసి రాసినది 1832లో అచ్చయింది. దానికి ముందే, 1794లో, బొంబాయినుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు దక్షిణదేశపు ఉక్కును లండనులోని జోసెఫ్ బ్యాంక్సుకు పంపాడు. మరుసటి ఏడు పియర్సన్ దానిపై రాయల్ సొసైటీలో పత్రం చదివాడు. ఆ నమూనాలను చేతబట్టి చూసినవారిలో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తులవాడు ఒకడు. అతనికి లండను స్ట్రాండు వీధిలో అంగడి. తన శస్త్రచికిత్సా పరికరాలు, క్షురకత్తులు ఇండియానుంచి వచ్చిన వూట్జ్ ఉక్కుతో చేసినవనీ, ఏళ్ళ తరబడి పోల్చి చూసి ఐరోపాలోని మేలైన ఉక్కుకన్న దీన్నే మెచ్చుకున్నాననీ తన వ్యాపారపు చీటీమీద అచ్చువేయించుకున్నాడు. విద్యుత్తుతో పేరుపొందిన మైకేల్ ఫారడే యువకుడిగా ఈ స్టోడార్టుతో కలిసి మన ఉక్కు రహస్యం పట్టుకోవాలని ప్రయోగాలు చేశాడు. 1820, 1822లలో వారి పత్రాలు వెలువడ్డవి. ఉక్కులో ఐదువందలవ వంతు వెండి కలిపి చూశారు, ప్లాటినం కలిపి చూశారు. తన కొత్త ఉక్కుతో చేసిన క్షురకత్తులను ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చేవాడు. అదే శతాబ్దంలో బొగ్గు దొరకక, చౌక దిగుమతి ఇనుముతో పోటీ పడలేక మన కొలుములు ఆరిపోయినవి. నా దగ్గరి కత్తి తోకమీద సగం చెరిగిన ముద్రలో జోలింగెన్ అని కష్టంమీద చదవవచ్చు. జర్మనీ ఊరు. ఉక్కు పుట్టిన సీమలో, బెళుగుప్ప వేపచెట్టు కింద, నా తల గొరిగింది జర్మనీ కత్తి.

రాళ్ళ కథ ఇంకా చిత్రమైనది. క్షురకత్తులను నూరే రాళ్ళలో ఐరోపాలో పేరుమోసినవి రెండు. ఒకటి జర్మనీ తురింగియా కొండల పలకరాయి. రెండవది బెల్జియం ఆర్డెన్ ప్రాంతపు పసుపురాయి. దానిలో కోత పెట్టేవి కంటికి కనబడని గార్నెట్ రవలు. అమెరికాలో ఆర్కన్సాస్ రాయికి నోవాక్యులైట్ అని పేరు. లాటిన్‌లో నోవాక్యులా అంటే క్షురకత్తే. మా ముసలాయన నల్లరాయి కంభంవైపునుంచి వచ్చిందని మనుమడు చెప్పాడు. కంభం, మార్కాపురం ప్రాంతమంటే పలకల సీమ. తెలుగుదేశమంతటా పిల్లలు ఓనమాలు దిద్దిన పలకలు అక్కడివే. ఆ రాయి పొరలుపొరలుగా, మెత్తగా, రేణువు సన్నగా ఉంటుంది. అనగా నా చేతిలోని పలకా, ఆయన చేతిలోని సానా ఒకే జాతి రాయి. నాది చెరిపి రాసుకోవడానికి, ఆయనది అరగదీసుకోవడానికి.

ఇప్పుడు లోకంలో క్షురకత్తిని ముచ్చటపడి వాడేవారు రాళ్ళకు బదులు పలుచని ప్లాస్టికు పొరలు వాడుతున్నారు. అద్దం పలకమీద నీళ్ళు చల్లి ఈ పొరను అంటించి, దానిమీద నూరుతారు. పొరమీద రేణువులు 12 మైక్రాన్లతో మొదలై 9, 3, 1, చివరికి 0.3 వరకు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. వీటి అసలు పని క్షౌరం కాదు, దూరవాణి గాజుతంతుల కొనలకు మెరుగు పెట్టడం. ఆ రేణువు ఏమిటంటే అల్యూమినియం ఆక్సైడు. రత్నశాస్త్రం చదివినవారు దాన్ని వేరే పేరుతో ఎరుగుదురు, కురువిందం. ఇంగ్లీషు కొరండమ్ అనే మాట మన దక్షిణాది కురువింద, కురుందములనుంచి వెళ్ళినదే. ఎఱ్ఱగా ఉంటే కెంపు, నీలంగా ఉంటే నీలం, రంగు లేక మురికిగా ఉంటే సానపొడి. అది మా అనంతపురం జిల్లాలోనూ దొరుకుతుంది. ఈ పొరలు చేసే కంపెనీలలో ముఖ్యమైన త్రీఎం 1902లో అమెరికాలో పుట్టిందే కురువిందం తవ్వి అమ్ముదామని. తీరా తవ్వాక అది కురువిందం కాదు, అనార్థొసైటు అనే కొరగాని రాయి అని తేలింది. ఆపై గరుకుకాగితాలు చేసి నిలదొక్కుకున్నారు. అసలు కురువిందం ఉన్న ఊళ్ళవారం మనం వేరుశనగ వేసుకొని మబ్బులవంక చూస్తూ కూర్చున్నాము.

పొరల తరువాత తోలుకు పూసే లేపనాలు. పచ్చనిది క్రోమియం ఆక్సైడు. (కెంపుకు ఎరుపునిచ్చేదీ ఆ క్రోమియమే. పచ్చలేపనం చూసినప్పుడల్లా నాకీ సంగతి సరదాగా ఉంటుంది.) ఎఱ్ఱనిది ఇనుప ఆక్సైడు, మన జేగురుకు దగ్గరి చుట్టం. అన్నిటికన్న కఠినమైనది వజ్రపుపొడి. మాకు పొరుగున, ఉరవకొండకు అవతలి వజ్రకరూరులో తొలకరి పడగానే ఎక్కడెక్కడి జనమో దిగి, చేలల్లో తలలు వంచి వజ్రాలు వెదుకుతారు. మా ముసలాయన తోలుకు ఆముదం తప్ప మరొకటి పూయగా నేను చూడలేదు.

వెంట్రుక మెత్తనిది, ఉక్కు దానికన్న యాభై రెట్లు గట్టిది. అటువంటప్పుడు కత్తి ఎందుకు మొక్కవోతుంది? 2020లో అమెరికాలోని ఎంఐటీవారు దీన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి సైన్స్ పత్రికలో ప్రకటించారు. వాదర సమంగా అరగదట. వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినచోట, ఉక్కు లోపలి అమరిక సమంగా లేని తావున చిన్న పెచ్చు ఊడుతుంది. అది చదివి ఆయన నీళ్ళు పెట్టి నా తల ఎంతసేపు మర్దించేవాడో, తోలును ఎడమచేతి వేళ్ళతో ఎట్లా బిగలాగి పట్టేవాడో తలచుకున్నాను. అప్పుడు అది నాకు హింసగా తోచేది.

ఈ పని ఎందుకు పోయిందో చెప్పడానికి ఎక్కువ మాటలక్కరలేదు. విజయనగర కాలంనాటి పన్నెండుగురు ఆయగాండ్ల వ్యవస్థలో క్షురకుడు ఒకడు. ఏడాదికొకమారు కళ్ళంలో రైతు కొలిచే మేర అతని జీతం. మా సీమలో జొన్న, కొర్ర తగ్గి చేలన్నీ వేరుశనగ అయినాక కళ్ళంలో గింజలు కొలిచే మాట తగ్గింది. కాయ బండెక్కి మండీకి పోయేది. డబ్బు చేతికొస్తే ముందు అప్పులవాడు, ఆ పైన ఎరువులవాడు, క్షురకుని వంతు "వచ్చే ఏడు చూద్దాంలే". వచ్చే ఏడు వాన రాదు. ఇంతలో ఇంటింటా బ్లేడు వచ్చింది. 1986లో మద్రాసులో హెచ్ఐవి మొదటిసారి బయటపడిన తరువాత, ఒకరికి వాడిన కత్తి మరొకరికి వాడరాదన్న తెలివిడి పల్లెలదాకా పాకింది. అది మంచిదే, అవసరమే. అంగళ్ళలో ఇప్పుడు కత్తి ఆకారపు పిడిలో సగం బ్లేడు బిగించి, పని కాగానే పారవేస్తారు. దాన్ని నూరే పని లేదు. సానా తోలూ అటకెక్కినవి.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాయీబ్రాహ్మణులను కించపరచే మాటలు వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. పత్రికలో అది చదివిన నాడు నాకు అన్నం సయించలేదు.

ఎనభైల చివర, నేను పనిచేస్తున్న ఒకానొక పాఠశాలలో తొమ్మిదవ తరగతికి సామెతలు చెబుతున్నాను. మీకు తెలిసిన సామెత చెప్పండిరా అంటే ఒక పిల్లవాడు పిల్లి తల గొరిగిన సామెత చెప్పాడు. తరగతి నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోక దాన్ని నల్లబల్లమీద ఐదవ సామెతగా రాయించి, భావం వివరించి, పది సామెతలూ ఎత్తి రాసుకు రమ్మన్నాను. ముసలాయన మనుమడు రెండవ వరుసలో కూర్చున్నాడు. మరునాడు పుస్తకాలు దిద్దుతుంటే అతని పుస్తకం వచ్చింది. ముత్యాలవంటి దస్తూరి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆపై ఐదు అని అంకె వేసి ఎదుట ఖాళీ వదిలాడు. తరువాత ఆరు, ఏడు, అట్లా పదివరకు. నేను ఎఱ్ఱసిరాతో ఆ ఖాళీలో "ఒకటి తక్కువ" అని రాసి ఒక మార్కు తగ్గించాను. ఎందుకు రాయలేదని అడగలేదు. అడిగే అవసరమే తోచలేదు. అంతటి వ్యుత్పన్నుణ్ణి.

అతడు పదవ తరగతి వరకు చదివి బళ్ళారి వెళ్ళాడు. అడపం ఇవ్వడానికి వచ్చిన నాడు దాని ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కత్తికి తుప్పు పట్టి అక్కడక్కడ గుంటలు పడి ఉన్నది. మా అబ్బాయి చేత ఆ పొరలు తెప్పించి, పాత కిటికీ అద్దంమీద అంటించి నూరడం మొదలుపెట్టాను. 12, 9, 3, 1. మూడు రోజులు నూరాను. వాదర అద్దంలా మెరిసింది, ముంజేతి వెంట్రుక మాత్రం వంగి పక్కకు తొలగింది. సిగ్గు విడిచి బళ్ళారికి ఫోను చేశాను. బొమ్మ కనబడేటట్లు పెట్టమన్నాడు. పెట్టి నూరి చూపించాను.

"సార్, వేళ్ళతో అదుముతుండారు. అద్దుకుంటే వాదర వంగిపోతాది. కత్తి బరువు చాలు. రాయిని నొప్పించగూడదనేవాడు మా తాత" అన్నాడు. పొరలు తీసి పక్కన పెట్టి నల్లరాయి తెమ్మన్నాడు. నాలుగు చుక్కల నీళ్ళు. వాదర ముందు, వెన్ను వెనుక. మణికట్టు కదలకూడదు, మోచేయి కదలాలి. యాభై మార్లు. తప్పు, మళ్ళీ మొదటినుంచి. సుమారు గంటసేపు అతడు తన అంగట్లోని పని ఆపుకొని నా చేయి చూస్తూ కూర్చున్నాడు. తోలుమీద ఇరవై మార్లు లాగి ముంజేతికి ఆనించాను. వెంట్రుక తెగి రాతిమీది నీళ్ళలో పడింది. మొదట నేను గమనించనేలేదు, అతడే చెప్పాడు.

అప్పుడు ఐదవ సామెత మాట ఎత్తాను. ఎత్తి, ఏమి చెప్పాలో తోచక ఆగాను.

"గుర్తుంది సార్" అన్నాడు. కొంచెంసేపు అటు కత్తెర చప్పుడు వినబడింది. తరువాత, "తడి తుడిచినారా? కొబ్బరినూనె రాసి పెట్టండి. మన నీళ్ళకు తొందరగా తుప్పు పడతాది" అన్నాడు.